మాంసం చల్లారాలి, ఈగ చేరకూడదు: గేమ్ బ్యాగు ఎలా ఎంచుకోవాలి

వేటలో పడింది జింకైనా, ఎల్క్ (జింక జాతిలోని పెద్ద జంతువు) అయినా, ప్రాణం పోయిన సమయానికి దాని తొడ కండ లోపల వేడి 38, 39 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. అది 4 డిగ్రీలకు దిగాలి. 4 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. అనుకూలమైన వేడి దొరికితే 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అడవిలో ఫ్రిజ్ ఉండదు. నీడ, గాలి, వేట మాంసం ఉంచే ఒక గుడ్డసంచి (దీన్నే గేమ్ బ్యాగు అంటారు), ఇంతే మన చేతిలో ఉండేవి. అయినా తుపాకీకీ బూట్లకూ నెలల తరబడి ఆలోచించేవాళ్లు కూడా ఈ సంచిని బయల్దేరే ముందు రోజు, చేతికి దొరికింది కొనేస్తారు. ఒక జంతువు ప్రాణం తీసి, దాని మాంసాన్ని సంచి బాగాలేక పారేయాల్సి రావడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

గేమ్ బ్యాగు వేడిని బయటికి పోనివ్వాలి, తడిని ఆరనివ్వాలి, ఈగనీ మట్టినీ వెంట్రుకలనూ లోపలికి రానివ్వకూడదు. చిక్కంతా ఇక్కడే ఉంది. నేత వదులుగా ఉంటే గాలి ఆడుతుంది, దాంతోపాటు ఈగా పని కానిస్తుంది. నేత మరీ బిగుతుగా ఉంటే ఈగ రాదు, వేడీ పోదు. కాబట్టి బట్ట ఎంత మందమన్నది కాదు, నేత ఎంత దగ్గరగా ఉంది, నెత్తురుతో తడిశాక ఎంత త్వరగా ఆరుతుంది అన్నదే చూడాలి. పొడి సంచులన్నీ దుకాణంలో బాగానే కనిపిస్తాయి. తడిశాకే తేడా తెలుస్తుంది.

అన్నిటికంటే చవగ్గా దొరికేది సాగే జాలీ గుడ్డ సంచి. చిన్న పొట్లంలో మడిచి అమ్ముతారు. చేతిలో ఉన్నప్పుడు రంధ్రాలు చిన్నవిగానే కనిపిస్తాయి. 20 కిలోల తొడ దాంట్లో పడగానే గుడ్డ సాగి కండకు అంటుకుపోతుంది, రంధ్రాలు తెరుచుకుంటాయి. ఈగ గుడ్డు పొడవు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు. సాగిన జాలీలోంచి అది సులువుగా లోపలికి పోతుంది. పైగా చిన్న కొమ్మ తగిలినా చిరుగుతుంది. ఈగలు అసలు ఎగరనంత చలిలో, వాహనం దగ్గరే ఉన్నప్పుడు తప్ప దాన్ని నమ్ముకోవద్దు.

ఈగల సంగతి ఇంకొంచెం దగ్గరగా చూడాలి. మాంసం మీద వాలే నీలి, పచ్చ రంగు ఈగలు చాలా దూరం నుంచే నెత్తురు వాసన పట్టి వచ్చేస్తాయి. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల కిందికి పడితే దాదాపుగా ఎగరవు. ఎండ ఎక్కగానే మళ్లీ మొదలు. ఇవి సంచి మధ్యలో, నున్నటి చోట గుడ్లు పెట్టడం తక్కువ. మూతి దగ్గర బొందు బిగించిన ముడతలు, అడుగున నెత్తురు దిగి తడిగా ఉన్న మూల, కుట్టు వెంబడి, ఇవే వాటికి ఇష్టమైన చోట్లు. ముడత విప్పి చూస్తే బియ్యపు నూక అతికించినట్టు తెల్లటి గుత్తి కనిపిస్తుంది. వేడిగా ఉన్న రోజుల్లో ఒక్క రోజులోపే అవి పొదుగుతాయి. అప్పుడే పుట్టిన పురుగు గుడ్డు కంటే సన్నగా ఉంటుంది, పలుచటి నేతలోంచి పాక్కుంటూ లోపలికి పోగలదు. అంటే గుడ్డు బయటే ఉందని ధీమాగా ఉండటానికి వీల్లేదు. పూటకోసారి సంచి మూతి, అడుగు చూసి, కనిపించిన గుత్తిని కత్తి వెనక అంచుతో గీకి తీసేసి, ఆ చోటును వెనిగర్ గుడ్డతో తుడవాలి. గుడ్ల దశలోనే తీసేస్తే మాంసానికి ఏమీ కాదు.

తర్వాతిది నూలు మస్లిన్. దగ్గరి నేత, సాగదు, ఈగను బాగా ఆపుతుంది, ఉతికి మళ్లీ వాడుకోవచ్చు. దుప్పటి గుడ్డతో ఇంట్లోనే కుట్టుకోవచ్చు కూడా. దాని బలహీనత తడి. నూలు నెత్తురునూ నీటినీ పీల్చుకుని బరువెక్కుతుంది, తేమ గాలిలో గంటల తరబడి ఆరదు. తడి గుడ్డ కండకు అంటుకుని ఉన్న చోట ఉపరితలం జిగటగా మారుతుంది, పుల్లటి వాసన మొదలవుతుంది. తడి గుడ్డ మాంసాన్ని చల్లబరుస్తుంది కదా అని కొందరు వాదిస్తారు. పొడి గాలి వీచే ఎండు ప్రాంతంలో అది నిజమే, ఆవిరయ్యే నీరు వేడిని లాగుతుంది. వర్షం పడే అడవిలో, మంచు కురిసే లోయలో ఆవిరయ్యేది తక్కువ, నిలిచే తడి ఎక్కువ. కాబట్టి నూలు సంచిని పొడి వాతావరణానికీ, ఒకటి రెండు రోజుల్లో మాంసం కోల్డ్ స్టోరేజీకి చేరే పరిస్థితికీ ఉంచుకోవడం మంచిది. బరువు భుజాన మోయాల్సిన పని లేనప్పుడు దానికి వంక పెట్టను.

చాలా రోజులు అడవిలో ఉండాల్సి వస్తే, నడకే ఎక్కువైతే, సింథటిక్ సంచులే నా ఎంపిక. పాలిస్టర్, నైలాన్ దారాలను దగ్గరగా నేసి చేస్తారు. నీరు పీల్చవు, త్వరగా ఆరతాయి, ఎండిన నెత్తురు దులిపితే సగం రాలిపోతుంది. పెద్ద జంతువుకు సరిపడే సెట్టు నూలు సెట్టు బరువులో సగం కూడా ఉండకపోవచ్చు. అయితే సింథటిక్ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. కొన్నిటిలో లోపలికి నీరు దిగకుండా పూత వేసిన నైలాన్ ఉంటుంది. అది పేరుకే గుడ్డ, పనికి ప్లాస్టిక్. కొనే ముందు బట్టను నోటికి ఆనించి గట్టిగా ఊదండి. అవతల పెట్టిన అరచేతికి ఊపిరి తగలాలి. ఇంకో పరీక్ష ఇంట్లో చేయొచ్చు: సంచిని పూర్తిగా తడిపి, పిండి, నీడలో వేలాడదీసి చూడండి. గంట, రెండు గంటల్లో ఆరిపోతే మంచిది. పొద్దుటికి కూడా కుట్టు దగ్గర చెమ్మగా ఉంటే వద్దు. ఆ తర్వాత రెండు బొటనవేళ్లతో గుడ్డను అడ్డంగా, ఐమూలగా లాగి వెలుతురుకు ఎదురుగా పట్టండి. లాగినప్పుడు నేత చీలి వెలుగు చుక్కలు పెద్దవైతే బరువు పడ్డాక కూడా అంతే అవుతుంది. నిప్పు దగ్గర మాత్రం జాగ్రత్త, ఒక్క నిప్పురవ్వ పడినా కరిగి రంధ్రం పడుతుంది.

ప్లాస్టిక్ చెత్త సంచి గురించి ఒక్క మాట చాలు: వెచ్చటి మాంసం దాంట్లో వేయొద్దు. వేడీ తడీ రెండూ లోపలే ఉండిపోతాయి. పైగా కొన్ని చెత్త సంచులకు సువాసన, రసాయనాలు కలుపుతారు, అవి ఆహారానికి ఉద్దేశించినవి కావు. బ్యాక్‌ప్యాకుకు నెత్తురు అంటకుండా లోపలి అస్తరుగా, మాంసం బాగా చల్లారాక, నడిచినంతసేపు మాత్రం వాడొచ్చు. చేరగానే బయటికి తీసేయాలి.

కొలతల దగ్గర చాలామంది చిన్నవి కొని ఇబ్బంది పడతారు. పెద్ద ఎల్క్ వెనక కాలు ఎముకతో సహా 25, 30 కిలోలు తూగుతుంది. దానికి సుమారు 50 సెంటీమీటర్ల వెడల్పు, 110 నుంచి 120 సెంటీమీటర్ల పొడవు కావాలి. ఎముక తీసేసిన మాంసానికి 45 గుణించు 75 సరిపోతుంది, దాన్నైనా సగం వరకే నింపాలి. ఎముక లేని మాంసాన్ని ఒకే సంచిలో కుక్కితే అది ముద్దలా చేరి మధ్యలో వేడి పట్టుకుంటుంది. రెండు సంచులు ఎక్కువ మోయడం మేలు. నాలుగు కాళ్లకు నాలుగు, వీపు కండలకూ లోపలి మెత్తటి కండలకూ మెడకూ కలిపి ఒకటి, తునకలకు ఒకటి, మొత్తం ఆరు ఉంటే నిశ్చింత. చిన్న జింకకు మూడు, నాలుగు చాలు.

కుట్టు జంటగా ఉందో లేదో, అడుగు మూలల్లో గట్టి చేశారో లేదో చూడండి, బరువంతా అక్కడే పడుతుంది. బొందు సంచికి కుట్టేసి ఉండాలి, విడిగా ఉంటే చీకట్లో పోతుంది. సంచిని దాని బొందుతోనే వేలాడదీయొద్దు. ఎముక ఉన్న కాలికైతే మడమ వెనక నరానికీ ఎముకకూ మధ్య తాడు దూర్చి, బరువు ఆ తాడు మీద పడేలా కట్టి, సంచి మూతిని తాడు చుట్టూ బిగించాలి. రంగు తెలుపో లేత రంగో అయితే ఎండను తక్కువ పీల్చుకుంటుంది, మురికీ ఈగ గుడ్లూ వెంటనే కనిపిస్తాయి, చీకట్లో వెతకడమూ సులువు.

ఎంత మంచి సంచి కొన్నా, మాంసాన్ని వెచ్చగా, తడిగా దాంట్లో పడేస్తే లాభం లేదు. ముందు చర్మం తీయాలి, అది దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. కండ మీది వెంట్రుకలు, నెత్తురు గడ్డలు, పేగుల మలినం అంటిన చోట్లు కత్తితో కోసి తీసేయాలి తప్ప నీళ్లు పోసి కడగకూడదు. నీరు ఆ మలినాన్ని అంతటా పరుస్తుంది. ఈగలు లేకపోతే కాసేపు నీడలో గాలికి ఉంచి, పైన ఎండు పొర కట్టనిచ్చి సంచిలో పెట్టండి. ఈగలు ముసురుతుంటే వెంటనే పెట్టేసి, సంచిలోనే ఆరనివ్వండి. సంచిని నేల మీద పరిచి మాంసాన్ని ఈడ్చొద్దు. మూతిని బయటికి మడిచి, ఒకరు కాలు పట్టుకుంటే ఇంకొకరు కింది నుంచి పైకి తొడగాలి. ఒంటరిగా ఉంటే మొదట కాలును వేలాడదీసి తర్వాత తొడగడం తేలిక.

వెనక తొడ మొదట చెడేది లోపలి నుంచి, ఎముక పక్క నుంచి. తొడ ఎముక, తుంటి కీలు చుట్టూ ఉన్న మందపు కండ చల్లారడానికి చాలాసేపు పడుతుంది. పైకి చల్లగా, ఎండిపోయి కనిపిస్తూనే లోపల పుల్లబడుతుంది. పగలు వెచ్చగా ఉండే రోజుల్లో తొడ లోపలి వైపు నుంచి ఎముక పొడవునా ఒక్క గాటు పెట్టి తెరవండి, వేడి బయటికి పోతుంది. ఎముక పూర్తిగా తీసేస్తే ఇంకా త్వరగా చల్లారుతుంది. కానీ ప్రాణం పోయాక కండరాలు బిగుసుకునే దశ రాకముందే ఎముక తీసిన కండ కుంచించుకుపోయి గట్టిపడే అవకాశం ఉంది, కోసిన ముఖాలు పెరిగి మురికీ ఎక్కువ అంటుతుంది. వాతావరణం అనుమతిస్తే ఎముకతో ఉంచడమే నాకు ఇష్టం. కొన్ని చోట్ల వేట నిబంధనలే మాంసాన్ని ఎముకతో తేవాలంటాయి, ఆడో మగో తెలిపే ఆనవాలు మాంసానికి అంటి ఉండాలంటాయి. బయల్దేరే ముందే చూసుకోవాలి.

వేలాడదీసే చోటు నీడలో, గాలి దారిలో ఉండాలి. పొద్దున నీడ ఉన్న చోట మధ్యాహ్నం ఎండ పడొచ్చు. సంచికీ సంచికీ మధ్య జానెడు సందు వదలండి, ఒకదానికొకటి ఆనిన చోట ఆరదు. చెట్లు లేని చోట రెండు, మూడు దుంగలు అడ్డంగా పేర్చి వాటి మీద పరిచి, కొన్ని గంటలకోసారి తిప్పుతుండాలి. వాన వస్తే పైన టార్పాలిన్ కట్టండి, దాన్ని సంచులకు చుట్టొద్దు, కింద గాలి ఆడాలి. ఎలుగుబంట్లు తిరిగే చోట మాంసాన్ని పేగులు పడ్డ చోటికీ డేరాకూ దూరంగా, దూరం నుంచే కనిపించేలా ఉంచి, తిరిగి వచ్చేటప్పుడు గాలి వాలు చూసుకుని, చప్పుడు చేస్తూ రావాలి.

వెచ్చటి వాతావరణంలో సిట్రిక్ ఆమ్లం సాయపడుతుంది. లీటరు నీటికి 55, 60 గ్రాముల పొడి కలిపి, స్ప్రే సీసాతో కండ మీద పలుచగా చల్లి, ఆరాక సంచి తొడగాలి. పులుపు వల్ల ఉపరితలం మీద బ్యాక్టీరియా నెమ్మదిస్తుంది, ఈగలూ తగ్గుతాయి. కారేటట్టు పోస్తే మళ్లీ తడి సమస్యే. ఇది వేడి తీసేసే మందు కాదు, చల్లారని మాంసాన్ని కాపాడదు.

ఇంటికొచ్చాక సంచిని ముందు చన్నీళ్లలో నానబెట్టండి. వేడినీళ్లు పోస్తే నెత్తురులోని ప్రోటీన్ గుడ్డలోనే గడ్డకట్టి మరక నిలిచిపోతుంది. చన్నీళ్లు రెండు, మూడుసార్లు మార్చాక, వాసన లేని ఎంజైమ్ డిటర్జెంట్‌తో ఉతకండి. మొండి మరకల మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ వేయొచ్చు. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు, దాని పూత నేత మీద పేరుకుంటుంది, వాసన తర్వాతి మాంసానికి పడుతుంది. క్లోరిన్ బ్లీచ్ నైలాన్‌ను బలహీనం చేస్తుంది. పూర్తిగా ఆరాక కుట్లు ఒక్కొక్కటీ వేళ్లతో తడిమి, వెలుతురుకు పట్టి రంధ్రాలు చూసి, చిరుగులు అప్పుడే కుట్టేసి, గాలి తగిలే గుడ్డ సంచిలోనే దాచండి.