ప్యాడ్లు కొత్తవి, సెన్సర్ కొత్తది, లైటు మాత్రం పాతదే: మూడో వారం

వెనక బ్రేక్ ప్యాడ్లు, అవి అరిగితే చెప్పే సెన్సర్ రెండూ మార్చినా, డ్యాష్‌బోర్డు మీద ప్యాడ్ లైటు మళ్లీ మళ్లీ వస్తుండటంతో తంటాలు పడుతున్నాను. చివరికి ఆ లైటు ఆర్పే రీసెట్ నిలబడింది! పోయిన ఆదివారం సాయంత్రం చేశాను. ఈ రోజుకి 310 కిలోమీటర్లు తిరిగాను, బ్రేక్ ప్యాడ్ లైటు మళ్లీ రాలేదు. అంతకుముందు రెండుసార్లు 40, 55 కిలోమీటర్లకే వచ్చేసింది కాబట్టి ఈసారి 300 దాటేదాకా ఏమీ రాయకూడదని ఆగాను.

నాది 2011 బీఎండబ్ల్యూ 320డీ, ఈ90 మోడల్. వెనక ప్యాడ్లు మార్చడం గంటన్నరలో అయిపోయింది. డిస్కులు 19.2 మి.మీ. ఉన్నాయి, వాటి మీద చెక్కిన కనీస మందం 18.4, అందుకని వాటి జోలికి పోలేదు. ఈసారి టెక్స్‌టార్ కంపెనీ ప్యాడ్లు వేశాను. దుమ్ము కాస్త ఎక్కువే, కానీ పెడల్ నొక్కితే పట్టు తెలుస్తుంది. నాకు అది చాలు.

ఇక అసలు గొడవ. ఈ కారుకి సెన్సర్లు ముందు ఎడమ చక్రానికి ఒకటి, వెనక కుడి చక్రానికి ఒకటి ఉంటాయి. సెన్సర్‌లో రెండు మెట్లు. ప్యాడ్ కొంత అరిగాక మొదటి తీగ తెగి, సర్క్యూట్‌లో దాదాపు 470 ఓమ్స్ రెసిస్టెన్స్ (కరెంటుకి అడ్డు) కనిపిస్తుంది. ఇంకా అరిగితే రెండోదీ తెగి పూర్తిగా ఓపెన్ అవుతుంది. కొత్త సెన్సర్ అయితే ఒక ఓమ్ కూడా ఉండదు. ఈ 470 అన్న అంకెను అప్పుడే గట్టిగా పట్టించుకుని ఉంటే నాకు పది రోజులు మిగిలేవి.

మొదటి సెన్సర్ పెట్టి రీసెట్ చేస్తే వెంటనే తీసుకుంది. 40 కిలోమీటర్లకి లైటు. సెన్సర్ విప్పి మల్టీమీటర్‌తో కొలిస్తే 0.6 ఓమ్స్, మీటర్ వైర్లవే 0.3 తీసేస్తే ఇంకా తక్కువ. అయినా అనుమానం పోక, 900 రూపాయలు పెట్టి వేరే కంపెనీది ఇంకోటి తెచ్చాను. అదీ 0.6. 55 కిలోమీటర్లకి మళ్లీ లైటు.

అప్పటి నుంచి లైటు ఎప్పుడు వచ్చిందో రాసి పెట్టుకోవడం మొదలుపెట్టాను. విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి గన్నవరం దాకా హైవే మీద ఏమీ లేదు. తిరిగి వచ్చి కాలువ గట్టు రోడ్డు ఎక్కి, రెండో స్పీడ్ బ్రేకర్ దిగగానే వచ్చింది. మర్నాడు రీసెట్ చేశాను, మళ్లీ అదే రోడ్డు, ఈసారి గుంతలో చక్రం పడినప్పుడు. ఒకసారి వచ్చిందంటే రీసెట్ చేసేదాకా పోదు కాబట్టి, కాంటాక్ట్ క్షణం తప్పినా చాలు. బ్రేక్ తొక్కడానికీ దీనికీ సంబంధం లేదని, చక్రం కిందికీ పైకీ ఆడటానికే సంబంధం ఉందని అప్పటికి తేలింది.

సెన్సర్ తీగను అంగుళం అంగుళం వంచి చూశాను, మీటర్ కదల్లేదు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేశాను, మార్పు లేదు. కారు జాకీ మీద లేపి, సస్పెన్షన్ పూర్తిగా కిందికి వేలాడుతుండగా తీగ ఎక్కడైనా బిగుసుకుంటోందా అని చూశాను. బ్లీడర్ (బ్రేక్ ఆయిల్ బయటికి వదిలే స్క్రూ) మూత మీదున్న కొక్కెంలోంచి తీగ సరిగ్గానే వెళ్తోంది, సుమారు 3 సెం.మీ. వదులు కూడా ఉంది.

తర్వాత సెన్సర్ తీసేసి, కారు వైపు ప్లగ్‌లో చిన్న రాగి తీగ ముక్కతో రెండు పిన్నులూ కలిపేశాను. రీసెట్ అయింది. అదే కాలువ గట్టు రోడ్డు మీద, అవే స్పీడ్ బ్రేకర్ల మీద 120 కిలోమీటర్లు తిరిగినా లైటు రాలేదు. అంటే కారు వైరింగ్ బాగుంది, సెన్సరే చెడ్డదని నిర్ణయించుకున్నాను. నేను తప్పుదారి పట్టింది ఇక్కడే. మూడో సెన్సర్ కొనబోయాను కూడా.

ఆటోనగర్‌లో పాత వైరింగ్ ప్లగ్గులు అమ్మే పెద్దాయన ఒకరున్నారు. సంగతంతా విని ఒకే మాట అడిగారు. "బాబూ, విడివిడిగా కొలిచావు సరే. రెండూ కలిపి పెట్టి కొలిచావా?"

కొలవలేదు.

ఇంటికొచ్చి బ్యాటరీ తీసేసి, కొత్త సెన్సర్‌ని ప్లగ్‌కి తగిలించాను. ప్లగ్‌కి 5 సెం.మీ. వెనక, కారు వైపున్న రెండు వైర్లలోకీ సన్నని సూదులు గుచ్చి మీటర్ పెట్టాను. ఒక ఓమ్ లోపే రావాలి. 14 వచ్చింది. ప్లగ్‌ని వేలితో పైకి నొక్కితే 85. తీగను మెల్లగా కిందికి లాగితే 300, 520, మళ్లీ 60, ఇలా గెంతులు. 470 ఓమ్స్ చూస్తే ప్యాడ్ అరిగిందనుకునే కారుకి ఇంతకంటే ఏం కావాలి! ఆ అంకెలు చూసినప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

ప్లగ్ లోపల టార్చ్ వేసి చూస్తే ఒక టెర్మినల్ (పిన్ను తగిలే లోహపు ముక్క) అంచు పొడవునా పచ్చ చిలుము. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదప్పుడు మా వీధిలో నీళ్లు చక్రాల మధ్యనుండే హబ్ దాకా వచ్చాయి, ఆ నీళ్లలోంచే కారు బయటికి తీశాను. తర్వాత వీల్ ఆర్చ్ కడిగినప్పుడు ఈ కనెక్టర్ వెనక గట్టిపడిన బురదను నేను గమనించలేదు. పాత సెన్సర్ అన్నేళ్లూ కదలకుండా కూర్చున్న చోటే కూర్చుని పని చేసి ఉంటుంది. ప్యాడ్లు మార్చేటప్పుడు నేను ప్లగ్ లాగడంతో ఆ కాస్త పట్టూ పోయింది. మరి రాగి తీగతో ఎందుకు పని చేసిందంటే, నేను దాన్ని మడిచి బిగువుగా దూర్చాను, అది చిలుమును గీరి శుభ్రమైన లోహాన్ని పట్టుకుంది. ఇది నా ఊహ, కానీ అంకెలకి సరిపోతోంది.

ముందు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సన్న బ్రష్‌తో రుద్దాను. 14 కాస్తా 5కి దిగింది, లాగితే ఇంకా 40. టెర్మినల్ స్ప్రింగ్ కూడా సడలింది కాబట్టి శుభ్రం చేస్తే సరిపోదు. చాలామంది దీనికి డబ్ల్యూడీ-40 కొడతారు. బిగుసుకున్న బోల్టులకి అది మంచిదే, కనెక్టర్‌కి మాత్రం కాంటాక్ట్ క్లీనరే వాడాలి. చివరికి ఆ పెద్దాయన దగ్గరే అదే రకం ప్లగ్ 150 రూపాయలకి తెచ్చి, సూదులు గుచ్చిన ముక్కతో సహా పాతది కోసేశాను. రెండు జాయింట్లనూ 3 సెం.మీ. ఎడంగా క్రింప్ చేసి (నొక్కి బిగించి), లోపల జిగురుండే, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం వేశాను. ప్లగ్‌లో తేమ చేరకుండా చిటికెడు డైఎలెక్ట్రిక్ గ్రీజు. ఈసారి సూదులు గుచ్చకుండా కోసిన చివరల దగ్గరే, జాయింట్ వేసే ముందు కొలిచాను: 0.8. లాగినా, నొక్కినా, మెలిపెట్టినా 0.8.

ఇంకొక్క మాట. సెన్సర్ వైర్లు రెండూ మెలేసి టేపు చుట్టి లైటు ఆర్పేసే పద్ధతి గ్యారేజీల్లో బాగా నడుస్తోంది. పరీక్ష కోసం నేనూ అదే చేశాను, కానీ అలా వదిలేసిన కారు కొన్నవాళ్లకి ప్యాడ్ అరిగిపోయి దాని వెనకున్న ఇనుము డిస్కుని కోసేదాకా తెలియదు. సెకండ్ హ్యాండ్ కారు చూసేటప్పుడు ఈ రెండు ప్లగ్గులనూ తప్పకుండా చూడండి. కారు కంప్యూటర్‌లోని కోడ్లు చదివే చవక ఓబీడీ స్కానర్‌ని నమ్ముకోవద్దు, నాది ఇంజిన్ కోడ్లు తప్ప ఇదేదీ చూపించలేదు. 600 రూపాయల మల్టీమీటరే అసలు దారి చూపింది.

వచ్చే ఆదివారం ముందు ఎడమ చక్రం ప్లగ్ విప్పుతాను. నీళ్లు దానికీ తగిలాయి. అక్కడ ప్యాడ్లు ఇంకా 7 మి.మీ. ఉన్నాయి, సెన్సర్ పాతదే. ఈసారి విప్పకముందే, తగిలించి ఉండగానే కొలుస్తాను. అంకె 2 ఓమ్స్ దాటితే ఆ ప్లగ్ కూడా మార్చేస్తాను, ఎలాగూ పెద్దాయన దగ్గర ఇంకొకటి పక్కన పెట్టించాను. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటింది, డాట్ 4 రకం ఆయిల్ ఒక లీటరు డబ్బా తెచ్చి పెట్టాను. వెనక కుడి బ్లీడర్ కాస్త బిగుసుకుంది, దానికి శనివారం రాత్రే నూనె వేసి ఉంచాలి.