నాలుగు బై ఆరు

అమెరికాలో ఒక స్టోర్‌లోని ఫోటో కౌంటర్‌లో నేను ఉద్యోగంలో చేరిన మూడో వారం. ఒక పెద్దావిడ కియోస్క్ దగ్గర నిలబడి నలభై ఫోటోలు ఎక్కించి, గంటలో వస్తానని చెప్పి వెళ్లింది. అన్నీ నాలుగు బై ఆరు అంగుళాల సైజు. ఆర్డర్ నా స్క్రీన్ మీదకు రాగానే బటన్ నొక్కాను, ప్రింట్లు కవర్లో పెట్టాను. ఆవిడ వచ్చి అక్కడే కవరు విప్పి ఒక్కొక్కటీ చూసింది. ఆరేడు గ్రూప్ ఫోటోల్లో, వెనక వరుసలో నిలబడ్డ పొడుగాటి మనిషికి నుదురు పైభాగం లేదు. ఆయన ఆవిడ భర్త. రెండు రోజుల క్రితం పోయారు. అంత్యక్రియలు మర్నాడు.

ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఫోటోలు కౌంటర్ మీద పెట్టి, "ఈయన ముఖం కావాలి" అంది, అంతే.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ రోజే నేర్చుకున్నాను. ఫోన్ కెమెరా తీసే ఫోటో సాధారణంగా నాలుగుకు మూడు కొలతలో ఉంటుంది. నాలుగు బై ఆరు కాగితం మూడుకు రెండు. ఆరు అంగుళాల వెడల్పుకు సాగదీస్తే ఫోటో ఎత్తు నాలుగున్నర అంగుళాలు అవుతుంది. కాగితం ఎత్తు నాలుగే. మిగిలిన అర అంగుళాన్ని మెషీన్ పైన కొంత, కింద కొంత కోసేస్తుంది. అడ్డంగా తీసిన గ్రూప్ ఫోటోలో పైన ఉండేవి పొడుగువాళ్ల తలలే కదా. ఎవరి తల ముఖ్యమో మెషీన్‌కు తెలియదు. మళ్లీ అన్నీ తెరిచి, చుట్టూ తెల్ల అంచు వచ్చేలా మార్చి వేసి ఇచ్చాను. అప్పటి నుంచి ఒక్క ఆర్డర్‌ను కూడా చూడకుండా నొక్కలేదు.

మాది తెనాలి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, రెండేళ్లు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. పెళ్లయ్యాక, భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా భార్యకిచ్చే హెచ్-4 వీసా మీద ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌కు వచ్చాను. ఆ వీసా మీద ఉద్యోగం చేసే వీలుండేది కాదు. 2015 మే నెలలో రూలు మారింది. భర్తకు గ్రీన్‌కార్డు దారిలో కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వచ్చి ఉంటే భార్య వర్క్ పర్మిట్‌కు అప్లై చేసుకోవచ్చన్నారు. నా వర్క్ పర్మిట్ కార్డు చేతికొచ్చేసరికి 2017. ఇంటికి దగ్గర్లోని పెద్ద స్టోర్‌లో ఫోటో కౌంటర్‌కు మనిషి కావాలంటే వెళ్లి చేరాను. "పాఠాలు చెప్పినదానివి, అక్కడ నిలబడతావా?" అని అమ్మ ఫోన్‌లో కన్నీళ్లు పెట్టుకుంది. నాకు మాత్రం మొదటి జీతం పడిన రోజు ఎంత సంతోషమో! సిమెంటు నేల మీద ఎనిమిది గంటలు నిలబడితే కాళ్లు లాగేవి, నిజమే.

ఇక్కడి వాళ్లు మనిషి పోతే ఆ మనిషి ఫోటోలన్నీ ఒక బోర్డు మీద అంటించి, చూడటానికి వచ్చే వాళ్ల కోసం పెడతారు. చిన్నప్పటివి, సైన్యంలో ఉన్నప్పటివి, చేపలు పట్టినవి, మనవళ్లతో దిగినవి. ఆ ఫోటోలన్నీ మా కౌంటర్‌కే వస్తాయి, అదీ ఒక్క రోజు గడువులో. చేతిలో షూ పెట్టె, కళ్లు ఉబ్బి ఉండే మనుషులను దూరం నుంచే గుర్తుపట్టడం వచ్చేసింది. వాళ్ల పని ముందు చేస్తాను. అందుకు ఇంతవరకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

థాంక్స్‌గివింగ్ నుంచి క్రిస్మస్ దాకా ఫోటో గ్రీటింగ్ కార్డుల రద్దీ. కాస్ట్‌కో అనే పెద్ద స్టోర్ల సంస్థ 2021 ఫిబ్రవరిలో తన స్టోర్లలోని ఫోటో కౌంటర్లు మూసేసినప్పుడు మాదీ తీసేస్తారేమోనని కొన్ని నెలలు టెన్షన్ పడ్డాం. తీయలేదు.

మనవాళ్లు ఎక్కువగా వచ్చేది పాస్‌పోర్ట్ ఫోటోలకే. రెండు బై రెండు అంగుళాలు, తెల్లటి వెనకభాగం, గడ్డం నుంచి నడినెత్తి వరకు ఒక అంగుళానికి తగ్గకూడదు. 2016 నవంబర్ నుంచి అమెరికా పాస్‌పోర్ట్‌కు కళ్లజోడు కూడా తీసేయాలి. పసిపిల్లలది ఇంకో కష్టం, మెడ నిలవదు. వాళ్లను తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి పై నుంచి తీయవచ్చు. ఒకసారి ఒక అమ్మాయి నెల బిడ్డతో వచ్చింది, బుగ్గ మీద ఇంత దిష్టి చుక్క. ఫోటోలో అది మచ్చలా పడుతుందని చెప్తే తుడవడానికి చెయ్యి రాలేదు పాపం. పురుడు పోయడానికి రావాల్సిన వాళ్లమ్మకు వీసా రాలేదట. "అరికాలికి పెట్టమ్మా, అది ఫోటోలో పడదు" అన్నాను. బ్యాగులోంచి కాటుక తీసి, అరికాలికి పెట్టి, అప్పుడు బుగ్గ తుడిచింది. బిడ్డ కళ్లు తెరిచేదాకా ఇద్దరం చప్పట్లు కొడుతూ నిలబడ్డాం.

పోయిన ఏడాది ఒక గురువారం సాయంత్రం ఒక కుర్రాడు వచ్చాడు. నా బ్యాడ్జి మీద పేరు చూసి, "మీరు తెలుగా అండీ?" అని అడిగాడు. ఒంగోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారు పోయి నెల కావస్తోంది. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ లేదు, వెళ్తే తిరిగి రావడం ఎన్నాళ్లకో తెలియదని వాళ్లమ్మే రావద్దంది. ఆదివారం మాసికం. ఇక్కడ ఇంట్లో పెట్టుకోవడానికి పదహారు బై ఇరవై సైజులో పటం కావాలి. ఫోన్‌లో ఉన్నది వాట్సాప్‌లో వచ్చిన ఫోటో.

వాట్సాప్ మామూలుగా పంపే ఫోటో పొడవున సుమారు 1,600 పిక్సెల్స్‌కు కుదించుకుపోతుంది. ఇరవై అంగుళాలకు పరిస్తే అంగుళానికి ఎనభైకి మించి రావు. ముఖం మసకబారుతుంది. ఆ మాట అతనికి ఎలా చెప్పాలో తెలియక కాసేపు స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయాను.

"ఇంట్లో గోడకు అసలు ఫోటో ఉందా బాబూ?"

"ఉంది అక్కా. చెల్లి పెళ్లిలో తీసింది."

"రేపు పొద్దున చెల్లిని అద్దం తీయించి, వసారాలో వెలుతురుకు పెట్టి, ఫ్లాష్ లేకుండా నిటారుగా తీయమను. వాట్సాప్‌లో ఫోటోలా వద్దు, డాక్యుమెంట్‌లా పంపమను."

అక్కడ అప్పటికే తెల్లవారుతోంది. కౌంటర్ దగ్గరే నిలబడి ఫోన్ చేశాడు. గంటన్నరకు ఫోటో వచ్చింది. భుజాన కండువా, నుదుట బొట్టు, ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టున్న ముఖం. పదహారు బై ఇరవై మీద ఆశ అతనే వదులుకున్నాడు. ఎనిమిది బై పదిలో పెడితే పైనా కిందా కొంచెం తెగుతోంది. చట్రాన్ని పైకి జరిపాను. కండువా అంచు పోతుందని అతను అనడంతో మళ్లీ కిందికి దించాను. చివరికి చుట్టూ తెల్ల అంచు వదిలి, తల, కండువా రెండూ ఉండేలా కుదిర్చాం. పదహారు బై ఇరవై మీద ఆశ అతనే వదులుకున్నాడు.

ప్రింట్ బయటికి రాగానే అంచులు పట్టుకుని అతనికి అందించాను. చాలాసేపు చూశాడు. తర్వాత, "ఇక్కడ దండ ఎక్కడ దొరుకుతుంది అక్కా?" అన్నాడు.

మా ఇంటి దగ్గర ఇండియన్ స్టోర్‌కు శుక్రవారం పూలొస్తాయి. పదింటికి తలుపు తీస్తారని, ఆలస్యం చేస్తే అయిపోతాయని చెప్పి, అడ్రస్ ఫోటో కవరు వెనక రాసిచ్చాను.