చెరువు శిఖంలో పన్నెండు ఓవర్లు

ఆ గ్రౌండ్ ఏడాదిలో సగం రోజులు కనపడదు. వానాకాలం చెరువు నిండి మత్తడి దూకిందంటే పిచ్, బౌండరీ, బ్యాటింగ్ జట్టు కూర్చునే బండ, అన్నీ నీళ్ల కిందికి పోతాయి. యాసంగి పొలాలకు తూము వదిలాక నీళ్లు మెల్లగా తగ్గి శిఖం, అంటే చెరువు లోపలి నేల, బయటపడుతుంది. అప్పుడు ఊరి పిల్లలు పారలు పట్టుకుని దిగుతారు. ములుగు జిల్లాలో చల్వాయి దాటి కొంత లోపలికి పోతే వస్తుంది ఆ ఊరు. పేరు మాత్రం రాయను. రాస్తే హన్మకొండలో ఉన్న ప్రతి ఆదివారం జట్టూ అక్కడికే పోతుంది, మాకు డేటు దొరకదు.

మాది కూడా ఆదివారం జట్టే. మెడికల్ షాపు నడిపే మా కెప్టెన్, ఇద్దరు టీచర్లు, కరెంటు డిపార్ట్‌మెంట్ ఆయన ఒకరు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి కమీషన్ చూసుకునే ఆయన ఒకరు. మిగతావాళ్లం ఏదో ఒక ఉద్యోగం. సుబేదారిలోని ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఆడుకుంటాం. మార్చిలో ఒక ఆదివారం తెల్లవారకముందే తూఫాన్ బండి మాట్లాడుకుని బయల్దేరాం. గుడెప్పాడ్ క్రాస్ రోడ్ దగ్గర చాయ్. అక్కడ పరకాల, భూపాలపల్లి బండ్లు ఎడమకు పోతాయి, మనం నేరుగా మల్లంపల్లి మీదుగా పోవాలి. జాకారం దాటాక గట్టమ్మ గుడి. మేడారం పోయే బండి ఏదైనా ఇక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టకుండా ముందుకు కదలదు. మేం పోయేది మేడారం కాదు కదా అని ఎవరో అంటే, "మ్యాచ్ అన్నా మొక్కు మొక్కే, దిగుండ్రి" అన్నాడు డ్రైవర్. దిగాం. కాయ ఖర్చు కెప్టెన్ పెట్టుకున్నాడు.

ములుగు దాటితే రోడ్డు పక్కన మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. ఆకు ఒక్కటి లేదు, అన్నీ పూలే.

గ్రౌండ్‌కు ఒక పక్క చెరువు కట్ట, కట్ట మీద వరసగా తాటిచెట్లు. ఇంకో పక్క నీళ్లు. ఎదురుగా అడవి గుట్టలు. నాలుగో పక్క నాలుగైదు పెద్ద ఇప్పచెట్లు. వాటి కింద మొదలుకొని థర్డ్ మ్యాన్ దాకా నేలంతా ఇప్పపూలే. ఇప్పపువ్వు రాత్రంతా రాలుతుంది, పొద్దున ఎండ ముదరకముందే ఏరుకోవాలి. మేం చేరేసరికి ఇద్దరు ఆడవాళ్లు గంపలతో ఏరుతున్నారు. మ్యాచ్ మొదలైనా వాళ్లు లేవలేదు. ఎవరూ లేవమని అనలేదు కూడా. బంతి అటు పోయినప్పుడల్లా పెద్దావిడే తీసి విసిరేది, మా ఫీల్డర్ల కంటే నేరుగా. ఒక పువ్వు నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉంది, వెనకే ఒక ఘాటు వాసన. రెండోది తినాలనిపించలేదు.

పిచ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఈ చెరువు పూడిక తీశారట. నల్ల ఒండ్రు ట్రాక్టర్లలో పొలాలకు పోయింది, ఈ మూలన కింది మొరం నేల తేలింది. పిల్లలకు కావలసింది అదే. ప్రతి ఏడాదీ నీళ్లు తగ్గగానే ఆ మొరం మీద పలచగా నల్లమట్టి పరిచి, తడిపి, రోలర్ లేదు కాబట్టి ట్రాక్టరును అటూ ఇటూ నడిపిస్తారు. ఇరవై రెండు గజాలను అడుగులతో కొలుస్తారు. ముందురోజు రాత్రి మళ్లీ నీళ్లు చల్లుతారు. దాంతో పొద్దున మొదటి గంట మట్టిలో చెమ్మ ఉండి బంతి పడ్డాక ఆగి ఆగి వస్తుంది. ఎండ ఎక్కితే పైపొర గట్టిపడి బంతి సాఫీగా బ్యాటు మీదికి వస్తుంది. టాస్ వాళ్లు గెలిచారు, ఫీల్డింగ్ తీసుకున్నారు. అడగాల్సిన పని లేదు ఎందుకో.

హార్డ్ టెన్నిస్ బాలు, పన్నెండు ఓవర్లు. మొదలుపెట్టే ముందు వాళ్ల కెప్టెన్, ఇరవై ఏళ్లుంటాయేమో, వచ్చి చెప్పాడు: "అన్నా, గీడ ఒక్కటే రూలు. నీళ్లల్ల వడితే అవుట్." సిక్సర్ వెళ్లి నీళ్లలో పడినా అవుటేనా అని మా టీచర్ వాదనకు దిగాడు. అవుటే. ఎందుకంటే టెన్నిస్ బాలు మీది నూగు నీళ్లు పీల్చుకుంటే బంతి బరువెక్కి పనికిరాదు, పైగా అంచున బురదలో మోకాలు దాకా దిగబడుతుంది, పోయి తెచ్చేదెవరు? ఒప్పుకోవాల్సిందే అనిపించింది నాకు. మా వాళ్లలో ఇద్దరికి అనిపించలేదు. ఆ ఇద్దరూ నీళ్లలోకే కొట్టి అవుటయ్యారు. దెబ్బ ఎంత బాగుందంటే అవతలి జట్టు కూడా చప్పట్లు కొట్టింది, ఆ వెంటనే వేలెత్తింది.

మమ్మల్ని నిజంగా కట్టిపడేసింది మాత్రం ఒక బక్కపలచని కుర్రాడు. చెప్పులు విప్పేసి బౌలింగ్ వేశాడు. ఆఫ్ స్టంప్‌కు కొంచెం బయట, గుడ్ లెంగ్త్‌లో, పిచ్ మీద జానెడు పొడుగు పగులు ఉంది. ప్రతి ఓవర్ ముందూ వాడు నడుచుకుంటూ వచ్చి దాన్ని కాలి బొటనవేలితో ఒకసారి తాకి చూసుకునేవాడు. తొక్కడు, తవ్వడు, తాకుతాడు అంతే. ఫీల్డర్ పిచ్ పాడుచేయకూడదని మా కెప్టెన్ రూలు తీశాడు. "పాడు చేస్తలేను సారూ, ఉన్నదా లేదా చూస్తున్న" అన్నాడు వాడు. అంపైరు నవ్వాడు. అంపైరు మా జట్టు మనిషే. పగులు మీద పడ్డ బంతి లేవలేదు, చీలమండ ఎత్తులో లోపలికి వచ్చేసింది. నేను రెండు ఆపి మూడోదానికి బౌల్డ్. డెబ్బై ఒకటి కొట్టాం మొత్తానికి.

వాళ్లు బ్యాటింగ్‌కు దిగేసరికి ఎండ చుర్రుమంటోంది, పిచ్ ఆరిపోయింది. నాకు నచ్చిందేమిటంటే, ఒక్కడు కూడా నీళ్ల వైపు గాలిలోకి కొట్టలేదు. అటు అన్నీ నేల మీదే, ఒకటి, ఒకటి, రెండు. ఎత్తి కొడితే కట్ట వైపే. కట్ట తగిలి బంతి వెనక్కి దొర్లి వస్తుంది, వెతకక్కర్లేదు, నాలుగు రన్స్. ఆర్ట్స్ కాలేజీలో మేం స్ట్రెయిట్ డ్రైవ్ గురించి గంటలు మాట్లాడుకుంటాం. వీళ్లకు ఏ షాట్ ఎటు పనికొస్తుందో మాత్రమే కావాలి. ఓవర్ మిగిలి ఉండగానే గెలిచారు.

అన్నం ఇప్పచెట్ల కింద. బగారన్నం, నాటుకోడి కూర, కూరలో కారం దండిగా. మిర్చి కమీషన్ ఆయన కూడా నీళ్లు అడిగాడు. కల్లు కూడా వచ్చింది, ఎవరెవరు తాగారో రాయడం జట్టు ఐక్యతకు మంచిది కాదు.

మధ్యాహ్నం ఇంకో మ్యాచ్ అనుకున్నాం. ఐదు ఓవర్లు కాకుండానే కట్ట మీద గంటల చప్పుడు. "బర్లు వస్తున్నయ్, స్టంపులు పీకుండ్రి" అని కేక. నీళ్లకు పోయే దారి సరిగ్గా పిచ్ మీదుగానే. నలభై బర్రెల దాకా ఉంటాయి, తొందర లేకుండా మిడ్ ఆన్ నుంచి పాయింట్ వైపు దాటిపోయాయి. అవి పోయాక పిచ్‌ను చూసి మ్యాచ్ ఊసు ఎవరూ ఎత్తలేదు.

వచ్చేటప్పుడు ములుగు రాకముందే జంగాలపల్లి క్రాస్ దగ్గర కుడికి తిరిగి పాలంపేట పోయాం. ఇంత దూరం వచ్చి రామప్ప చూడకుండా పోతే ఇంట్లో అడుగుతారు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021 జులైలో యునెస్కో జాబితాకెక్కింది. అందరూ నీళ్లలో తేలే ఇటుకల గురించే చెబుతారు. నాకైతే చూరు కింద నల్లరాతి మదనికలే ఇష్టం. నడుము వంపులో ఒక్కొక్కతెది ఒక్కో తీరు, ఏ ఇద్దరూ ఒకేలా నిలబడరు. గుడి పునాదిలో ఇసుక నింపారని, భూమి అదిరినా ఆ ఇసుక సర్దుకుంటుందని గైడ్ చెబుతుంటే, మా కరెంటాయన మధ్యలో ఆపి, మొరం మీద కడితే ఏమయ్యేదని అడిగాడు. పొద్దుటి పిచ్ ఇంకా బుర్రలోంచి పోలేదు పాపం.

అక్కడే ఫోనొచ్చింది. రిటర్న్ మ్యాచ్‌కు వాళ్లే హన్మకొండ వస్తారట, ఉగాది తర్వాతి ఆదివారం. బస్సు దిగి గ్రౌండ్‌కు ఎట్లా రావాలో అడిగారు. మ్యాట్ వద్దు, మట్టి పిచ్ మీదే ఆడదాం అన్నారు. కెప్టెన్ ఒప్పుకున్నాడు. రాత్రి నీళ్లు చల్లే డ్యూటీ నాకు పడింది.