కోర్నియా తిరిగి గెలవాలంటే

తిరుపతిలో 'యూనికార్న్ ఓవర్‌లార్డ్' (2024) వీడియో గేమ్ మొదలుపెట్టే మనోళ్లకి. హీరో అలైన్ లెవెల్ ఒక్కటే పెంచుకుంటా పోతే, పోగొట్టుకున్న రాజ్యం కోర్నియా చేతికి రాదు.

పోరుకి దిగిన ప్రతిసారీ యూనిట్ (సైనికుల జట్టు) స్టామినా, అంటే ఓపిక, తగ్గుతుంది. సున్నాకొస్తే అలిపిరి మెట్లెక్కి గాలిగోపురం దగ్గర కూలబడినట్టే, అడుగు కదలదు. పైన టైమర్ పరిగెత్తుతానే ఉంటుంది. అందుకే రెండో యూనిట్‌ని వెనకే నడిపించండి.

గుర్రపోళ్లు కాల్బలాన్ని తొక్కేస్తారు, ఎగిరే గ్రిఫిన్లు గుర్రాల్ని, విలుకాళ్లు గ్రిఫిన్లని. ఇనుప కవచమోణ్ణి కత్తితో కొట్టడం దండగ, మంత్రం వాడండి.

పోరులో మనోళ్లు వాళ్లంతట వాళ్లే కొట్టుకుంటారు, ఎవరెప్పుడేం చెయ్యాలో ముందే షరతులు పెట్టాలి. అందుకే అసలు ఆట ఆ షరతులుండే టాక్టిక్స్ మెనూలో ఉంది. చాలామంది దాన్ని తెరవనే తెరవరు, అదేం బద్ధకమో! వైద్యం చేసే క్లెరిక్‌ని అట్లే వదిలేస్తే చిన్న గీతకే వైద్యం చేసి యాక్షన్ పాయింట్ తగలేస్తుంది. హెచ్‌పీ (ప్రాణబలం) 50 శాతం లోపుంటేనే అని షరతు పెట్టండి. మార్చాక పోరు ముందొచ్చే అంచనా చూడండి, అంకె మారకుంటే షరతుల వరస మార్చండి.

ఆనర్స్ అనే పాయింట్లు వస్తే ముందు యూనిట్ సైజుకే పెట్టండి, ఇద్దరి నుంచి ఐదుగురి దాకా పోతుంది. విడిపించిన ఊరికి సరుకులిచ్చి బాగుచేసి, ఒకణ్ణి కాపలా పెట్టండి. సరుకు వాడే పోగేస్తాడు.