ఎక్కిళ్ళతో మొదలైంది

ఎక్కిళ్ళు వస్తే ఎవరో తలుచుకుంటున్నారని మా అమ్మ నీళ్ళ గ్లాసు చేతికిచ్చేది. నిరుడు శ్రావణంలో నాకు పట్టుకున్న ఎక్కిళ్ళు పదకొండు రోజులు వదల్లేదు. వాటితోపాటు వాంతులు. గ్యాస్ అన్నారు, మందులిచ్చారు, గొట్టం వేసి కడుపు పరీక్షించారు. అక్కడ ఏమీ లేదు. చివరికి వాటంతట అవే ఆగిపోయాయి. మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టి ఆ సంగతే మరిచిపోయాను. మాది రాజోలు దగ్గర పల్లెటూరు, నేను అక్కడి ప్రాథమిక పాఠశాలలో టీచర్ని.

కార్తీకంలో ఎడమ కన్ను తిప్పితే నొప్పి పుట్టింది. నా చేతిలో ఉన్న ఎర్ర సుద్దముక్క ఆ కంటికి వెలిసిపోయినట్టు కనిపించింది. వారం తిరిగేసరికి రెండు కాళ్ళూ తిమ్మిరెక్కాయి, ఛాతీ చుట్టూ ఎవరో గట్టిగా కట్టు బిగించినట్టుంది. దగ్గరి పట్టణంలో మెదడుకు మాత్రమే, రంగు మందు ఎక్కించకుండా, ఎం.ఆర్.ఐ. తీశారు. మెదడులో తెల్ల మచ్చలున్నాయి, మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు) కావచ్చు అని రిపోర్టు వచ్చింది. డాక్టరు గదికి చేరేసరికి ఆ ‘కావచ్చు’ మాయమైంది. ఆ వారమే ఆ జబ్బుకిచ్చే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాలన్నారు.

మా తమ్ముడు రొయ్యల చెరువులు చేస్తాడు. “చెరువులో మందు చల్లే ముందు కూడా నీళ్ళు పరీక్షకు పంపుతాం కదక్కా, ఒక్క స్కానింగ్ చూసి ఏళ్ళ తరబడి వాడే ఇంజెక్షన్లా?” అని పట్టుబట్టి స్కానింగ్ సీడీ అడిగి తీసుకున్నాడు. ఫిల్ములు చాలన్నా వినలేదు. ఆ రాత్రే విశాఖపట్నం బయలుదేరాం.

అక్కడి న్యూరాలజిస్టు రిపోర్టు పక్కన పెట్టి సీడీ తెరిచారు. చాలాసేపు చూసి, “అమ్మా, ఈ మధ్య మీకు ఆగని ఎక్కిళ్ళు గానీ వాంతులు గానీ వచ్చాయా?” అని అడిగారు. తమ్ముడూ నేనూ ముఖాలు చూసుకున్నాం. మెదడు కింది భాగంలో, వెన్నుపాము మొదలయ్యే చోటికి కాస్త పైన, వెనకవైపు ఒక సన్నని మచ్చ చూపించారు. వాంతులనూ ఎక్కిళ్ళనూ రేపే చోటు అదేనట. రిపోర్టులో దాని మాటే లేదు.

తెల్ల మచ్చలు మైగ్రేన్ ఉన్నవారికీ, రక్తపోటు ఉన్నవారికీ, వయసు మీరినవారికీ కనిపిస్తాయని చెప్పారామె. మచ్చ ఉందా లేదా అన్నది కాదు, ఎక్కడుంది, ఏ ఆకారంలో ఉంది అన్నదే అసలు సంగతి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో మచ్చలు మెదడు మధ్యనున్న ద్రవపు గదుల అంచు నుంచి వేళ్ళలా నిలువుగా లేస్తాయి. డాసన్ అనే వైద్యుడు 1916లోనే వాటిని వర్ణించాడు. అక్కడి సన్నని సిరలు అలాగే సాగుతాయి, వాపు ఆ సిరల వెంటే పాకుతుంది. ఆమె చెబుతుంటే నాకు మా చేల బోదెల వెంట పెరిగే పచ్చిక గుర్తొచ్చింది. మంచి స్కానింగ్‌లో మచ్చ నడిమధ్య ఆ సిర నల్లని గీతలా కనిపిస్తుందట. నా మచ్చల్లో ఒక్కటీ అలా లేదు.

మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేశాక మళ్ళీ ఎం.ఆర్.ఐ. తీశారు. ఈసారి మెదడు, కంటి నరాలు, వెన్నుపాము మొత్తం, రంగు మందుతో. గంటకు పైగా ఆ గొట్టంలో కళ్ళు మూసుకుని ఒకటో ఎక్కం నుంచి ఇరవయ్యో ఎక్కం వరకు చదువుకున్నాను. ఎడమ కంటి నరం వెనక భాగం తెల్లగా వెలిగింది. వెన్నుపాములో అయిదు వెన్నుపూసల పొడవున, నడిమధ్యగా, ఒకటే చార. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో అయితే చిన్న మచ్చలు, సాధారణంగా రెండు పూసల పొడవైనా ఉండవు, అవీ ఓ పక్కకు ఉంటాయి.

స్టెరాయిడ్ ఎక్కించకముందే రక్తం తీసి ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్షకు పంపారు. యాంటీబాడీ అంటే రోగాలతో పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకునే ప్రోటీన్; ఇది మాత్రం సొంత ఒంటి మీదే తిరగబడుతుంది. 2004లో బయటపడింది. మెదడు కణాల్లో నీరు వెళ్ళడానికి ఉన్న తూముల్లాంటి ఆక్వాపోరిన్-4 ప్రోటీన్ల మీద దాడి చేస్తుంది. ఫలితం పాజిటివ్. జబ్బు పేరు న్యూరోమైలైటిస్ ఆప్టికా, ముఖ్యంగా కంటి నరాలనూ వెన్నుపామునూ దెబ్బతీసేది. నాకు ముందు రాసిన ఇంటర్‌ఫెరాన్ ఈ జబ్బును మరింత ముదర్చగలదని విన్నప్పుడు తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

మొదటిసారి స్కానింగ్ చూసినవారికి కీడు చేసే ఉద్దేశం లేదు, నాకు తెలుసు. కానీ కళ్ళూ కాళ్ళూ రెండూ దెబ్బతిన్న మనిషికి వెన్నుపాము చూడకుండా పేరు ఖాయం చేయకూడదు. కోపం అందుకే.

అయిదు రోజులు స్టెరాయిడ్, ఆ తర్వాత ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవభాగాన్ని తీసి వేరేది ఎక్కించడం) చేశారు. ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా ఆరు నెలలకోసారి రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కిస్తున్నారు. కాళ్ళు కుదుటపడ్డాయి. ఎడమ కంటికి ఎరుపు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. అన్నం తింటూ నాకు రెండు ఎక్కిళ్ళు వచ్చినా తమ్ముడు చెయ్యి ఆపి నావైపు చూస్తాడు. నీళ్ళు తాగాక ఆగితేనే మళ్ళీ ముద్ద కలుపుకుంటాడు.