ఒక పేరు తక్కువ

నవలలో పేజీ వెనక్కి తిప్పి మళ్లీ చదివాను. కొట్టివేత లేదు, గీత లేదు. నోటీసు బోర్డు మీద చెస్ కమిటీ లిస్టు ఎప్పటిలాగే ఉంది. ఒక పేరు తక్కువ, అంతే.

1949లో వచ్చిన జార్జ్ ఆర్వెల్ '1984' ఇవాళ మళ్లీ తీశాను. మొదటిసారి చదివినప్పుడు చివర్లో ఎలుకలతో హింసించే గది చూసి హడలిపోయాను. ఈసారి మాత్రం ఈ చెస్ లిస్టు దగ్గరే ఆగిపోయా.

సైమ్ గుర్తున్నాడా? ఆ కథలో దేశాన్నేలే పార్టీ తయారుచేయిస్తున్న కొత్త భాష డిక్షనరీ పదకొండో ఎడిషన్ మీద పనిచేసేవాడు. మాటల్ని తీసిపారేయడమంటే ఎంత సంబరమో! మాటే లేకపోతే ఆ ఆలోచన చేయడం ఎవరి తరమూ కాదని క్యాంటీన్లో కూర్చుని మురిసిపోతూ చెప్తాడు. పార్టీ అంటే ప్రాణం ఆయనకి. అలాంటివాడే ఒకరోజు పనికి రాడు. ఒకరిద్దరు ఏదో అంటారు. మర్నాడు ఊసెత్తే దిక్కు లేదు. చెస్ లిస్టులో తగ్గిన ఆ పేరు ఆయనదే.

తప్పేంటి? బహుశా తెలివి ఎక్కువ కావడమే. ఆయన్ని మాయం చేస్తారని కథానాయకుడు విన్‌స్టన్ ముందే అనుకున్నాడు కూడా.

చాక్లెట్ రేషన్ సంగతి సరేసరి. 30 గ్రాముల నుంచి 20కి కోసేసి, మర్నాడే '20కి పెంచినందుకు' జనం నుంచి ధన్యవాదాలట! అక్కడ నవ్వొచ్చింది నాకు. లిస్టు దగ్గర మాత్రం రాలేదు.

పుస్తకం మూసేశా. ఎలుకల గది దాకా వెళ్లే ఓపిక ఇవాళ లేదు.