రాగి తొట్టెకు కాపలా

పారిస్‌లో మా రెస్టారెంటుకు సోమవారం సెలవు. లూవ్ర్ మ్యూజియం మూసేది మంగళవారం. ఆ ఒక్క రోజు తేడా వల్లే పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు షార్దాన్ బొమ్మలు నా కంట పడ్డాయి.

నా పని ప్లోంజ్, అంటే గిన్నెలు తోమడం. రాత్రి వంట ముగిశాక రాగి పాత్రలు నా ముందు గుట్ట పడతాయి. వెనిగరు, రాళ్ల ఉప్పు, పిండి కలిపి రుద్దితే ఎర్రగా తేలతాయి. ఆ ముద్ద మొదటిసారి చేతికి తగిలినప్పుడు, పండగ ముందు చింతపండుతో బిందెలు తోమే అమ్మ గుర్తొచ్చింది.

లూవ్ర్‌లో సుల్లీ భాగం, రెండో అంతస్తు. 1734 ప్రాంతంలో షార్దాన్ వేసిన ఆ బొమ్మ జానెడు కంటే కాస్త పెద్దది. మూడు కాళ్ల చెక్క పీట మీద రాగి తొట్టె, దానికో కుళాయి, పక్కన బకెట్టు, కూజా. మనిషి లేడు. అప్పటి పారిస్ ఇళ్లకు సెన్ నది నీళ్లు మోసుకొచ్చి అమ్మేవారు. వాటిని ఇలాంటి తొట్టెల్లో నిలవ చేసుకునేవారు. తొట్టె పొట్ట మీద వెలుగు తెల్లగా తగిలి, ఎరుపై, అంచుల దగ్గర గోధుమరంగులోకి దిగుతుంది. నాలుగు రోజులు వదిలేస్తే రాగి నల్లబడుతుంది. ఆ తొట్టెను ఎవరో తోమారు, అదీ ఈమధ్యే. ఆ మనిషి కోసమే నేను అక్కడ చాలాసేపు నిలబడ్డాను.

షార్దాన్ తండ్రి బిలియర్డ్స్ బల్లలు చేసే వడ్రంగి. 1728లో షార్దాన్‌ను చిత్రకారుల రాజ అకాడమీలో చేర్చుకున్నారు. అక్కడ పురాణ, చరిత్ర ఘట్టాలు గీసేవారిది పై వరుస. పళ్లు, గిన్నెలు గీసేవారిది అట్టడుగు వరుస. ఆ ఏడాది అకాడమీకి చూపిన చేప బొమ్మ కూడా లూవ్ర్‌లోనే ఉంది. కొక్కేనికి వేలాడే, కడుపు చీల్చిన రే చేప; బల్ల అంచు దాటి మన వైపు పొడుచుకొచ్చిన కత్తి పిడి. వంటింట్లో కత్తి అలా కనిపిస్తే చేయి తనంతట తానే వెళ్లి లోపలికి జరుపుతుంది. నా చేయి కదిలింది కూడా.

ఫ్రెంచివాళ్లు ఈ తరహా చిత్రాలను ‘నాత్యూర్ మోర్త్’ అంటారు, చచ్చిన ప్రకృతి అని. ఆ పేరు నాకు రుచించదు. రోజంతా చేతుల్లో తిరిగే వస్తువుల్లో చావు ఎక్కడుంది?

తొట్టె ఫొటో అమ్మకు పంపాను. రాత్రి ఫోనులో ఆమె అడిగింది ఒక్కటే: “ఎన్ని బిందెలు పడతాయిరా అందులో?”

నాలుగు పట్టవచ్చన్నాను.